లోపలి కుట్టు

మా అక్కకి నిద్ర అంటే చులకన. పిలిస్తే పలుకుతుందని ధీమా. మధ్యాహ్నం భోజనం కాగానే కత్తిరింపుల బల్ల మీది గుడ్డలన్నీ ఓ పక్కకి తోసి, ఏ ప్యాంటు ముక్కనో చుట్టి తలకింద పెట్టుకుని, మాట మధ్యలోనే నిద్రపోయేది. పక్కన నేను మెషీను తొక్కుతుంటే ఆ టకటకలోనే హాయిగా గురక పెట్టేది. మెషీను ఆపితే మాత్రం చటుక్కున కళ్ళు తెరిచి, నిద్రమత్తులోనే "దారం తెగిందా?" అనేది. లేదంటే మళ్ళీ కళ్ళు మూసేది. చప్పుడుకి లేచేవాళ్ళని చాలామందిని చూశాను గానీ, చప్పుడు ఆగితే లేచే మనిషిని ఆవిడనొక్కదాన్నే చూశాను.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. ఇద్దరం ఒకే ఇంటి కోడళ్ళం, ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. అన్నదమ్ములిద్దరూ పోయాక తోడికోడళ్ళం మిగిలాం. ఇంటి ముందుగది కుట్టు దుకాణం, వెనక రెండు గదులూ కాపురం. ఆవిడ కొలతలు తీసి కత్తిరిస్తుంది, నేను కుడతాను. స్కూలు యూనిఫాంలు, కర్టెన్లు, పొడవైన ప్యాంట్లు పొట్టి చేయడం, బిగుతైనవి వదులు చేయడం, ఇదీ మా పని. మెడలో కొలత టేపు తీయకుండా తిరుగుతుందని వీధి వీధంతా ఆవిడని టేపమ్మ అంటారు. స్నానానికి వెళ్ళేటప్పుడైనా తీస్తుందా అని నన్నే అడిగినవాళ్ళున్నారు. తీస్తుంది, తడిస్తే సాగిపోతుందని.

ఆవిడ మొండితనం ఎంతటిదో ఒక్క ముక్కలో చెబుతాను. గర్భసంచి కిందికి జారుతూ ఉంటే ఎవరికీ చెప్పకుండా తనకి తానే ఒక బెల్టు కుట్టుకుంది. మందపాటి గుడ్డ మూడు పొరలు, నడుముకి ఒక పట్టీ, కాళ్ళ మధ్యనుంచి ఇంకో పట్టీ, ముందు బకిల్. ఆరేసిన చోట చూసి ఇదేమిటని అడిగితే నడుంనొప్పికి అంది. కొన్నేళ్ళపాటు నమ్మాను. చివరికి ఓ రోజు నిలబడి కత్తిరిస్తూ కత్తిరిస్తూ కత్తెర వదిలేసి బల్ల పట్టుకుంది. అప్పటికి గానీ నోరు విప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇన్నాళ్ళూ నీ పక్కనే ఉన్నాను కదా. నాకు చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా?" అన్నాను.

"చెబితే ఏం చేస్తావు? జారకుండా పట్టుకుని కూర్చుంటావా?" అంది.

ఆవిడ కూతురు మందుల దుకాణంలో పనిచేస్తుంది. తల్లి నోరు మూయించగల మనిషి ఈ లోకంలో ఆ పిల్ల ఒక్కతే. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళి, చూపించి, ఆపరేషన్‌కి ఒప్పించింది. అక్క ఒప్పుకున్నది కూడా ఒకే ఒక్క మాటకి. "నిశ్చింతగా కూర్చోవచ్చమ్మా, పడుకోవచ్చు. ఆ బెల్టు అవతల పారేయొచ్చు" అంది కూతురు.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. సాయంత్రం నర్సు వచ్చి, "అమ్మా, నొప్పి పదికి ఎంత?" అని అడిగింది.

అక్క టేపు కోసం మెడ తడుముకుంది. అది నా సంచిలో ఉంది. "ఏ పదికి?" అంది.

"అసలు లేకపోతే సున్నా. ఇక భరించలేనంటే పది."

అక్క కూతురి ముఖం చూసింది, నా ముఖం చూసింది. "రెండు" అంది. రెండు అన్న మనిషి దుప్పటి అంచుని పిడికిట్లో పెట్టి నలిపేస్తోంది. నర్సు రెండుకి తగిన మందే ఇచ్చి వెళ్ళిపోయింది. అలా ఎందుకు చెప్పావని నేను మీద పడ్డాను.

"మొదటిరోజే పది అనేస్తే రేపు పెరిగితే ఏం చెప్పను?" అంది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ వచ్చింది. మర్యాద గల మనిషి, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని మాట్లాడింది. "గర్భసంచి తీసేశామమ్మా. తీసేశాక మిగిలిన యోని పైభాగం మళ్ళీ కిందికి జారొచ్చు కదా, అలా జారకుండా లోపల కుడివైపు, తుంటి వెనకాల, గట్టి పట్టీలాంటిది ఒకటి ఉంటుంది, దానికి రెండు కుట్లు వేసి ఎత్తి కట్టాం" అంది.

కుట్టు అనే మాట వినగానే అక్క కళ్ళలోకి వెలుగొచ్చింది. "దారం కరిగేదేనా?" అని అడిగింది.

"కరగదమ్మా. అది ఎప్పటికీ పట్టి ఉంచాలి."

"మరి ఎడమవైపు?"

"ఒకవైపు వేస్తే సరిపోతుంది."

డాక్టరమ్మ గుమ్మం దాటాక అక్క నావైపు తిరిగి, "కర్టెను ఒకవైపే కడితే ఎక్కడైనా తిన్నగా వేలాడుతుందా?" అంది. నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వింది, నవ్వగానే పొట్ట పట్టుకుని, నన్ను నవ్వించకే అని తిట్టింది. నవ్వించింది తనే.

ఇంటికొచ్చాక మాత్రల దగ్గర యుద్ధం మొదలైంది. నొప్పి ఉన్నా లేకపోయినా వేళకి వేసుకోవాలని కూతురు, నొప్పి వచ్చినప్పుడే వేసుకుంటానని తల్లి. "నొప్పి వచ్చాక వేసుకుంటే అది ముందు పరిగెడుతుందమ్మా, మనం దాని వెనకాల పడాలి" అని ఆ పిల్ల మొత్తుకుంది.

"చిరగకముందే అతుకు వేసేవాళ్ళని ఎక్కడైనా చూశావా?" అంది అక్క.

"ఎందుకు వెయ్యం, పిల్లల ప్యాంట్లకి మోకాళ్ళ దగ్గర వేస్తాం కదా" అన్నాను నేను ఊరుకోలేక. అక్క నావైపు చూసిన చూపుకి ఇస్త్రీ పెట్టె కూడా చల్లారిపోవాలి. కానీ ఆ రోజునుంచి మాత్రలు వేళకి మింగింది.

మింగినంతకాలం పైపైన నొప్పి తగ్గింది. పొట్ట కుదుటపడింది, నడక వచ్చింది. తగ్గనిది ఒక్కటే. కుడి పిర్రలో, బాగా లోపల, ఎవరో పట్టుకుని గుంజుతున్నట్టు ఒక నొప్పి. కూర్చుంటే ఎక్కువ, పడుకుంటే ఇంకా ఎక్కువ, నిలబడితే కాస్త నయం. ఆ కుట్లు వేసిన కొందరికి అలా ఉంటుందనీ, వారాల్లో దానంతటదే పోతుందనీ డాక్టరమ్మ చెప్పింది. వారాలు పోయాయి. నొప్పి మాత్రం ఇల్లు కొనుక్కున్నట్టు అక్కడే ఉంది.

అన్నం నిలబడే తినేది. వచ్చినవాళ్ళతో నిలబడే మాట్లాడేది. కానీ నిలబడి నిద్రపోవడం మనిషికి చేతకాదు కదా. ఒక్కసారిగా ముంచుకొచ్చే కునుకు, అటు ఒత్తిగిలగానే పోటు, మళ్ళీ లేవడం, గదిలో నడవడం. తెల్లవారేసరికి కళ్ళు లోతుకుపోయి, ముఖం ఉతికి పిండని గుడ్డలా ఉండేది. ఓదార్చడం నాకు చేతకాదు, అందుకని తిట్టేదాన్ని. ఆవిడకి తిరిగి తిట్టే ఓపిక లేకపోయింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

నిద్రమాత్ర ఇమ్మని అడిగితే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఈ వయసులో ఆ మత్తులో బాత్రూముకి వెళ్తూ పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది, ఉన్న బాధకి అదొకటి తోడవుతుంది అంది. నరాల నొప్పికి వేరే మాత్ర రాసింది. పక్కకి తిరిగి మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోమంది. రోజూ ఒకే వేళకి పడుకోమంది. పగలు మాత్రం అసలు నిద్రపోవద్దంది.

"నిద్ర రానిదానికి నిద్రపోవద్దని చెప్పడానికి ఇంత చదువు చదవాలా?" అంది అక్క, దారి పొడుగునా.

ఆ కొత్త మాత్రతో నొప్పి కొంచెం మొద్దుబారింది, దాంతోపాటు మనిషీ మొద్దుబారింది. ఒకరోజు యూనిఫాం చొక్కాలు కత్తిరించి నా ముందు పడేసింది. కుట్టబోతే ఎడమ చేయి చంకకి కలవడం లేదు. తిప్పి చూస్తే రెండూ కుడి చేతులే. కత్తెర పట్టిన ఇన్నేళ్ళలో ఆవిడ కోత తప్పడం నేనెరగను. చాటుగా వేరే ముక్క కత్తిరించుకుందామనుకున్నాను. ఆవిడ చూడనే చూసింది. ఆ రెండు చేతులూ గుమ్మంలో వెలుతురులోకి తీసుకెళ్ళి, ఒకదానిమీద ఒకటి పెట్టి చూసింది. "నొప్పి నాదంటే ఒప్పుకుంటానే. ఈ కోత నాది కాదు" అంది. ఆ మాత్ర అంతటితో మానేసింది. కూతురు బతిమాలినా, తిట్టినా, ఏడ్చినా గోడకి చెప్పినట్టే అయింది.

ఆ తర్వాతే ఆవిడకి ఆ ఆలోచన పట్టుకుంది. ఒక గౌను విప్పి సరిచేయడానికి వచ్చింది, లోపల లైనింగ్ ఉన్నది. దాన్ని నా ముందు బల్లమీద పరిచి, ఒక్క చోట సూదితో పై గుడ్డనీ లైనింగునీ కలిపి రెండు పోట్లు వేసింది. "ఇప్పుడు తగిలించు" అంది. కొక్కేనికి తగిలించాను. గౌను మొత్తం ఆ ఒక్క చోటికి లాక్కుపోయి వంకర తిరిగింది. భుజం దగ్గర ముడత, అంచు దగ్గర ముడత, ఎక్కడ సాగదీసినా మళ్ళీ అక్కడికే గుంజుతోంది.

"నాకు జరిగింది ఇదే. ఆ కుట్టులో ఏదో నరం పడింది. అది విప్పితే గానీ నేను పడుకోలేను" అంది.

తర్వాత కత్తెర మొనతో ఆ రెండు పోట్లూ తెంపింది. గౌను జారి తిన్నగా నిలబడింది. జీవితమంతా గుడ్డతో గడిపినవాళ్ళం. ఎక్కడ గుంజితే అక్కడ కుట్టు విప్పుతాం, బట్ట మళ్ళీ తన దారికి వస్తుంది. ఇంకోలా ఆలోచించడం మాకెవరు నేర్పారు? నేను అక్కడికక్కడే నమ్మేశాను.

ఆ గౌనునే సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాం. అక్క మళ్ళీ రెండు పోట్లు వేసి చూపించింది. డాక్టరమ్మ నవ్వలేదు. గౌను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"మీరనేది జరగని విషయమేమీ కాదమ్మా. అలా నరం పడినవాళ్ళు ఉంటారు. కానీ అది వెంటనే తెలిసి, వెంటనే విప్పితే గుణం కనిపిస్తుంది. ఇన్నాళ్ళయ్యాక విప్పినా నొప్పి పోతుందని నేను మాటివ్వలేను. పైగా ఆ కుట్టే కదా పట్టి ఉంచుతోంది, అది తీస్తే మళ్ళీ జారొచ్చు" అంది.

"పోవచ్చు కూడానా?" అని అడిగింది అక్క.

"నొప్పా? పోవచ్చు. చెప్పలేం."

అక్క సంచి సర్దుకుంది. ఆవిడకి వినపడాల్సిన మాట వినపడింది.

కూతురు మా ఇద్దరినీ ఉతికి ఆరేసింది. "అమ్మ ఒళ్ళు గౌను కాదు పిన్నీ. కనీసం నువ్వైనా చెప్పు" అంది. నేను చెప్పలేదు, ఎందుకంటే నాకూ విప్పాలనే ఉంది. తల్లి మాత్రం కూతుర్ని దగ్గరికి పిలిచి, గొంతు పెంచకుండా అంది, "నాకు బతకాలని ఆశ ఉండాలంటే ముందు నిద్ర ఉండాలే. నిద్ర లేకుండా ఎన్నాళ్ళు బతికినా అదంతా ఒకటే పొడుగాటి రోజు." చివరికి కాగితాల మీద ఆ పిల్లే దగ్గరుండి సంతకం పెట్టించింది.

కుట్లు విప్పిన రోజు మధ్యాహ్నం నేను ఎప్పటికీ మర్చిపోను. అక్కని మంచం మీదికి చేర్చారు. కళ్ళు మూసుకుని ఉంది, నోరు కొంచెం తెరుచుకుంది. కాసేపటికి గురక మొదలైంది. ఆ పాత గురకే, చివర్లో ఈల వేసినట్టుండేది. నేనూ ఆ పిల్లా ఒకళ్ళ చేతులొకళ్ళం పట్టుకుని, సినిమా చూస్తున్నట్టు ఆ గురక వింటూ కూర్చున్నాం. నర్సు వచ్చి లేపబోతే, "ఆవిడ్ని లేపితే ఊరుకోను" అన్నాను. ఆ అమ్మాయి బెదిరిపోయింది, పాపం.

సాయంత్రం అక్క కళ్ళు తెరిచి, "చెప్పానా" అంది. అంతే అంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

అది మత్తుమందు నిద్ర అని మర్నాటికి తెలిసింది. మందు దిగిపోగానే నొప్పి తన చోటుకి తాను వచ్చి కూర్చుంది. అదే కుడివైపు, అంతే లోపల, వెంట్రుకవాసి అటూ ఇటూ లేదు. కొత్త గాయం కదా, మానాలి కదా అనుకున్నాం. గాయం మానింది. నర్సు మళ్ళీ పదికి ఎంత అని అడిగితే అక్క ఈసారి తడుముకోలేదు. "ఏడు" అంది. నిజమే చెప్పింది.

డాక్టరమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. లోపల నరమేదీ పట్టుబడినట్టు కనపడలేదనీ, ఒకవేళ అదే కారణమైనా ఈపాటికి ఆ నరం నొప్పికి అలవాటు పడిపోయి ఉంటుందనీ అంది. నొప్పి కోసం వేరే డాక్టరు ఉంటాడు, సూదిమందు వేస్తాడు అంది. ఆయన దగ్గరికీ వెళ్ళాం. మొదటి సూదికి కొన్నాళ్ళు సగం తగ్గింది. రెండోదానికి అదీ లేదు. మూడోదానికి అక్క రానంది. వద్దు అని కూడా గట్టిగా అనలేదు, తల అడ్డంగా ఊపి కిటికీవైపు తిరిగిందంతే. పట్టిన పట్టు విడవని మనిషి చేతిలో పట్టుకోవడానికే ఏమీ మిగల్లేదు.

నేను మాత్రం దుకాణం మూయలేదు. వచ్చిన పని కుట్టేదాన్ని. కొలతలు అక్కే తీసేది, నిలబడే కాబట్టి. వచ్చినవాళ్ళు, "ఏం టేపమ్మా, ఆపరేషన్ అయిపోయిందిగా, ఇక హాయేగా" అని పలకరిస్తే, "హాయే హాయి" అనేది. వాళ్ళు పోయాక బల్ల అంచు పట్టుకుని కళ్ళు మూసుకునేది. ఆ మాట అన్న ప్రతివాళ్ళనీ వాళ్ళ బట్టలతో సహా వీధిలోకి గెంటేయాలనిపించేది నాకు.

నిన్న మధ్యాహ్నం నేను లోపల గిన్నెలు కడిగి ముందుగదిలోకి వచ్చేసరికి అక్క బల్ల మీద మందపాటి గుడ్డ పరిచి ఉంది. పక్కన పాత కాగితం నమూనా, మడతల దగ్గర నలిగిపోయినది. నాకు ఆ ఆకారం తెలుసు. ఇక్కడ నడుము పట్టీ, ఇక్కడ కాళ్ళ మధ్యది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"మళ్ళీ జారుతోందా?" అన్నాను.

"ఊఁ."

"ఎప్పటినుంచి?"

"తెలిసి నువ్వేం చేస్తావు? పట్టుకుని కూర్చుంటావా?" అంది. అదే పాత మాట. ఈసారి అందులో వెటకారం లేదు, అలసట ఉంది. "రా, కొలత తియ్యి. నా కొలత నాకు అందడం లేదు."

మెడలోంచి టేపు తీసి నా చేతికిచ్చింది. ఆవిడ నడుము చుట్టూ టేపు వేశాను. పాత నమూనాకంటే ఎంతో లోపలికి వచ్చింది. ఆ నంబరు నేను పైకి చెప్పలేదు. ఆవిడ తలవంచి టేపు మీద నా వేలున్న చోటు చూసి, సుద్దతో నమూనా లోపల కొత్త గీత గీసింది. గీత తిన్నగా వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, ఏడిస్తే తిడుతుందని ముక్కు చీదుకున్నట్టు అటు తిరిగాను.

కత్తిరించడం అయ్యాక గుడ్డ పక్కకి తోసి, ఎన్నాళ్ళకో బల్ల ఎక్కింది. ఎడమవైపుకి ఒత్తిగిలి, మోకాళ్ళ మధ్య చుట్టిన కర్టెను గుడ్డ ఒకటి పెట్టుకుంది.

"పగలు పడుకోవద్దంది కదా డాక్టరమ్మ" అన్నాను.

"పడుకుంటే కదా" అంది. "నువ్వు కాసేపు మెషీను తొక్కు. ఆ చప్పుడుకి అలవాటు మీద వస్తుందేమో చూస్తాను."

ఆ పూట కుట్టే పని ఏదీ సిద్ధంగా లేదు. సూదిలోంచి దారం తీసేసి, ఉత్త మెషీనే తొక్కడం మొదలుపెట్టాను. టకటకటక. ఆవిడ కళ్ళు మూసుకుంది. కాసేపటికి భుజం మెల్లగా లేస్తూ దిగుతూ కనపడింది, ఊపిరి పొడుగ్గా, సమంగా వస్తోంది. చేయి బల్ల అంచునుంచి వేలాడింది. గురక లేదు గానీ, ముఖం కాస్త సడలినట్టే ఉంది. నా కాళ్ళు నొప్పిపుట్టినా ఆపలేదు. వచ్చింది, నిద్ర వచ్చింది అనుకున్నాను. దేవుడి మీద నాకంత నమ్మకం లేదు, అయినా ఆ కాసేపూ ఆయనకి దణ్ణాలు పెట్టుకున్నాను.

చివరికి, నిజంగా నిద్రేనో కాదో చూద్దామని మెల్లగా కాలు తీశాను. మెషీను ఆగింది.

"దారం తెగిందా?" అంది అక్క.

కళ్ళు తెరవలేదు. గొంతులో నిద్రమత్తు చుక్కైనా లేదు. పొద్దుననుంచీ నాతో మాట్లాడుతూ ఉన్న మనిషి అడిగినట్టు అడిగింది.

"లేదక్కా" అన్నాను.

"మరి ఆపావేం?"

నేను మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాను. ఆవిడ మళ్ళీ ఊపిరి పొడుగ్గా, సమంగా తీయసాగింది, నాకోసం.